పాల మీద అపోహలు - వాస్తవాలు: పాల కేంద్రం నుంచి చూస్తే

పద్దెనిమిదేళ్లుగా పాల సేకరణలో ఉన్నాను. ఊళ్లలో పాల కేంద్రాలు తిరగడం, క్యాన్లు మూతలు తీసి వాసన చూడడం, వెన్న శాతం దగ్గర వచ్చే గొడవలు తీర్చడం, ఇదీ నా పని. ఏ పెళ్లికెళ్లినా నేనేం చేస్తానో తెలియగానే పక్క కుర్చీలోవాళ్లు గొంతు తగ్గించి ఒకటే అడుగుతారు: "నిజం చెప్పండి, ప్యాకెట్ పాలల్లో ఏం కలుపుతారు?" ఒక్కొక్కరికీ చెప్పలేక ఇక్కడ రాసేస్తున్నా.

అపోహ: దేశంలో రోజుకు పిండేది 14 కోట్ల లీటర్లే, తాగేది 64 కోట్ల లీటర్లు, కాబట్టి మిగతా 50 కోట్ల లీటర్లూ నకిలీ పాలే.

ఈ వాట్సాప్ మెసేజ్ ఏడాదికి నాలుగైదుసార్లయినా వస్తుంది, ఒకసారి మా బావమరిదే పంపాడు. 2023-24లో మన పాల ఉత్పత్తి దాదాపు 23.9 కోట్ల టన్నులు. రోజులతో భాగించండి, రోజుకు సుమారు 65 కోట్ల కిలోలు వస్తుంది. అంటే 'తాగేది' అని ఆ మెసేజ్‌లో రాసినంతా నిజంగానే పొదుగుల్లోంచి వస్తోంది. ఆ 14 ఎక్కడిదంటే, 2013-14 ప్రాంతంలో మన ఏడాది ఉత్పత్తి దాదాపు 14 కోట్ల టన్నులు, ఎవరో టన్నుల్ని లీటర్లు చేసి ఏడాదిని రోజు చేసేశారని నా అనుమానం. పైగా పిండిన పాలల్లో పెద్ద భాగం అసలు బయటికే రాదు, ఇంట్లోనో ఊళ్లోనో పెరుగూ టీ అయిపోతుంది.

అపోహ: ప్రభుత్వ సర్వేలోనే 68 శాతం పాలు విషమని తేలింది.

2011లో ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) 1,791 నమూనాలు తీస్తే 68.4 శాతం ప్రమాణాలకు తగ్గట్టు లేవు, అది నిజం. కానీ వాటిలో సగానికి దగ్గరగా వెన్న తక్కువైనవి, ఎస్ఎన్ఎఫ్ (పాలల్లో నీళ్లూ వెన్నా పోగా మిగిలే ఘనపదార్థం) తక్కువైనవి, అంటే తెలుగులో చెప్పాలంటే నీళ్లు. నీళ్లు కలిపినవాణ్ని నేను వెనకేసుకు రావట్లేదు, అది మోసమే, ఆ నీళ్లు మురికివైతే రోగం కూడా. అయితే నీళ్ల పాలు వేరు, విషం వేరు. 2018లో అదే సంస్థ 6,432 నమూనాలు పరీక్షిస్తే ప్రాణానికి చేటయ్యేలా కల్తీ అయినవి 12. పన్నెండు శాతం కాదు, పన్నెండు నమూనాలు. పాలు తాగి 2025కల్లా 87 శాతం మందికి క్యాన్సర్ వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిందన్నది కూడా ఒట్టి పుకారు, అలాంటి హెచ్చరిక ఏదీ ఆ సంస్థ ఇవ్వలేదు.

అయితే ఆ 2018 సర్వేలో ఎవరూ ఫార్వర్డ్ చేయని సంగతి ఇంకోటుంది. 5.7 శాతం నమూనాల్లో అఫ్లాటాక్సిన్ ఎం1 (బూజు పట్టిన దాణా నుంచి పాలల్లోకి దిగే విషం) పరిమితి దాటింది, 1.2 శాతంలో యాంటీబయాటిక్ మిగుళ్లు దాటాయి. నాకు టెన్షన్ పెట్టేవి ఇవీ, యూరియా పాలు కాదు.

మా రైతు ఇళ్లలో దాణా బస్తా ఎక్కడుంటుందో చూడండి. పాకలో గోడకు ఆనించి, నేల మీద. వానాకాలం రెండు వారాలు ముసురు పట్టిందంటే అడుగున ఉన్న పత్తి చెక్క (నూనె తీశాక మిగిలే పత్తి గింజల పిప్పి) చెమ్మెక్కి గడ్డకట్టి, విరిస్తే లోపల పచ్చటి బూజు కనిపిస్తుంది. "పశువేగా తినేది, పారేయడమెందుకు" అని ఎండలో ఆరబోసి వేసేస్తారు. ఎండకు బూజు చస్తుందేమో గానీ అది వదిలిన విషం పోదు. పశువు తిన్నాక ఒకటి రెండు రోజుల్లో పాలల్లోకి దిగుతుంది, కాచినా పోదు. బస్తాల కింద రెండు కర్ర పలకలు వేసి, గోడకు జానెడు దూరం జరిపితే చాలావరకు తప్పే పని ఇది. నేను ఏ ఊరెళ్లినా ముందు పాకలోకి తొంగిచూస్తాను, అందుకని కొందరికి నా మీద కోపం కూడా.

యాంటీబయాటిక్ సంగతి ఇంకా ఇబ్బంది. గేదెకు పొదుగువాపు వస్తుంది, డాక్టరు చన్నులోకి ట్యూబు ఎక్కిస్తాడు, మందు పెట్టె మీద ఎన్ని రోజులు పాలు వాడకూడదో రాసి ఉంటుంది. రోజుకు ఆరు లీటర్లిచ్చే గేదె పాలు అన్ని రోజులు పారబోయమంటే ఏ రైతుకు చేతులొస్తాయి? నాకూ రావు. ఒకసారి మా రూటులో ఒక కేంద్రం పాలు మొత్తం వెనక్కి వచ్చాయి, కారణం ఒక ఇంటివాళ్లు పోసిన నాలుగు లీటర్లు. వాళ్లింట్లో రెండు రోజులుగా పెరుగు తోడుకోవట్లేదట, తోడు చెడిందనుకున్నారట. తోడు బాగానే ఉంది, మందు దాన్ని చంపేస్తోంది. ఆ రోజు ఎనభై ఇళ్ల పాలు నేలపాలు.

అపోహ: కాస్తే రబ్బరులా సాగింది, ప్లాస్టిక్ పాలు.

కొంచెం పులుపెక్కిన పాలను కాస్తే కేసిన్ అనే ప్రొటీన్ ముద్దకట్టి సాగుతుంది. విరిగిన పాలు, అంతే. పాలల్లో యూరియా కనబడగానే కల్తీ అనేయడమూ ఇలాంటిదే, పాలల్లో సహజంగానే కొంత యూరియా ఉంటుంది. కిలోకి 700 మిల్లీగ్రాములు దాటితేనే చట్టప్రకారం తప్పు.

అపోహ: లాక్టోమీటర్ ముంచితే నిజం బయటపడుతుంది.

ఇది నమ్మి నేనే పరువు పోగొట్టుకున్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పెద్దావిడ అప్పుడే పిండిన గేదె పాలు నురగతో తెచ్చింది. లాక్టోమీటర్ (పాల సాంద్రత కొలిచే పరికరం, నీళ్లు కలిస్తే అంకె తగ్గుతుంది) 25 చూపించింది. పదిమంది ముందు "నీళ్లు కలిపావు పెద్దమ్మా" అనేశాను. ఆవిడ అరవలేదు, ఏడవలేదు. "రేపు గేదెనే తోలుకొస్తా బాబూ, నువ్వే చూద్దువు గానీ" అంది. మర్నాడు నిజంగానే తోలుకొచ్చింది, దూడతో సహా. కేంద్రం ముందు వేపచెట్టుకు కట్టేసి, దూడను వదిలి, గేదె చేపాక అందరి ఎదుటా పిండింది. ముంచితే మళ్లీ 25.

నా మొహంలో నెత్తురు చుక్క లేదు. మా పాత సూపర్‌వైజర్ వచ్చి నవ్వి, ఆ పాలను చన్నీళ్ల తొట్టిలో పెట్టించి, నురగ పోయాక, చల్లారాక ముంచమన్నాడు. అప్పుడు 29. లాక్టోమీటర్ చూపే అంకె పాల వేడిని బట్టి మారుతుంది, వేడి పాలల్లో తక్కువ చూపుతుంది, పిండిన వెంటనే గాలి బుడగలుంటే ఇంకా తక్కువ. ఇంకో తమాషా, మీగడ తీసేసి కొంచెం నీళ్లు కలిపితే అంకె సరిగ్గా సరిపోతుంది, ఎందుకంటే వెన్న తేలిక, అది పోతే పాలు బరువెక్కుతాయి. అంటే అది మంచివాణ్ని దొంగ చేస్తుంది, దొంగను మంచివాణ్ని చేస్తుంది. అందుకే వెన్న కూడా చూడాల్సిందే. ఇప్పుడు మిషన్లు వచ్చాయి గానీ వాటినీ రోజూ కడగాలి, లేకపోతే అవీ అబద్ధాలాడతాయి.

ఆ పెద్దమ్మ ఆ తర్వాత నన్ను "నీళ్ల బాబు" అని పిలిచేది, ఉన్నన్నాళ్లూ.

అపోహ: ప్యాకెట్ పాలంటే పొడి పాలు, అందుకే మీగడ కట్టదు.

మీరు కొన్నది టోన్డ్ పాలైతే అందులో వెన్న 3 శాతమే. ఫుల్ క్రీమ్ అయితే 6. చిన్నప్పుడు తాగిన గేదె పాలల్లో ఏడో ఎనిమిదో ఉండేది, మరి మీగడలో తేడా రాదా? పైగా హోమోజినైజ్ చేసిన పాలల్లో వెన్న సన్నగా విడిపోయి కలిసిపోతుంది, పైకి తేలదు. పొడి సంగతి మాత్రం సగం నిజం. మన దగ్గర చలికాలంలో పాలు పొంగుతాయి, ఎండాకాలం పడిపోతాయి, టీ తాగేవాళ్లు మాత్రం మేలోనూ తాగుతారు. చలికాలంలో మిగిలిన పాలను పొడి, వెన్న చేసి దాచి వేసవిలో తిరిగి పాలు చేయడం చట్టబద్ధమే, ఆ పొడీ పాలే. నెలల తరబడి ఆగే అట్టడబ్బా పాలల్లో కూడా మందులేమీ ఉండవు, 135 డిగ్రీలు దాటించి కొన్ని సెకన్లు ఉంచి, సూక్ష్మజీవి చొరబడని ప్యాక్‌లో నింపుతారు.

అపోహ: ఏ2 పాలు అరుదు, అందుకే అంత ధర.

ఏ2 అంటే పాలల్లోని కేసిన్ ప్రొటీన్‌లో ఒక రకం. గేదె పాలన్నీ ఏ2నే అండీ. మన నాటు ఆవుల పాలూ చాలావరకు అవే. 2024 ఆగస్టులో ఎఫ్ఎస్ఎస్ఏఐ ఈ మాటను ప్యాకెట్ల మీంచి తీసేయమని ఆదేశం ఇచ్చి, వారం తిరక్కుండానే దాన్ని వెనక్కి తీసుకుంది. లీటరుకు రెట్టింపు పెట్టే స్తోమత ఉంటే పెట్టండి, నాకేం అభ్యంతరం.

అపోహ (ఇది రైతులది): గాలికుంటు టీకా వేయిస్తే పాలు తగ్గిపోతాయి.

తగ్గుతాయి, రెండు మూడు రోజులు. తర్వాత మామూలే. అసలు జబ్బే వస్తే నోట్లో పుళ్లు, గిట్టల్లో పుళ్లు, మేత మానేస్తుంది, ఆ ఈతకు పాలు పోయినట్టే. టీకా ప్రభుత్వం ఉచితంగా వేస్తుంది. టీకా వాళ్లు వచ్చిన రోజు గేదెల్ని పొలానికి తోలేసేవాళ్లను ఇప్పటికీ చూస్తున్నాను.

అపోహ: పది గేదెలు కొంటే రోజుకు వంద లీటర్లు, నెలకు లక్షలు.

ఉద్యోగం మానేసి డెయిరీ పెడతామని వారానికొకరు ఫోన్ చేస్తారు. వీడియోల్లో లెక్క చాలా అందంగా ఉంటుంది, పది గేదెలు ఇంటూ పది లీటర్లు. పది గేదెలుంటే ఏ రోజైనా పాలిచ్చేవి ఆరో ఏడో. మిగతావి వట్టిపోయి ఉంటాయి, మేత మాత్రం తింటాయి. ఈనిన రెండో నెలలో ఇచ్చే పాలే చూపించి గేదెను అమ్ముతారు, ఆ తర్వాత అవి తగ్గుతూ పోతాయి. ఎండాకాలంలో మూగ ఎద, అంటే ఎదకొచ్చినా గేదె అరవదు, గోల చేయదు, తెల్లవారుజామున లేచి చూసేవాడికే తెలుస్తుంది. ఒక్క ఎద తప్పితే మూడు వారాలు పోయినట్టే, మూడు ఎదలు తప్పితే రెండు నెలల మేత దండగ. ఇక ధర. మీరు కొట్లో పెట్టేది చూసి లెక్కేయకండి, గేదె పాలకు డబ్బు కిలో వెన్న లెక్కన వస్తుంది. కిలో వెన్నకు 800 అనుకుందాం, వెన్న 7 శాతముంటే లీటరుకు 56, అదే 6కు పడితే 48. ఎండుగడ్డి, తవుడుతోనే నెట్టుకొస్తే ఆ ఎనిమిది రూపాయలే కాదు, పాలూ పడిపోతాయి.

మొన్న ఫోన్ చేసినబ్బాయి షెడ్డుకు తొమ్మిది లక్షలైందన్నాడు, ఫ్యాన్లు కూడా పెట్టించాడట, హర్యానా నుంచి గేదెలు దారిలో ఉన్నాయట. పచ్చిగడ్డి ఎన్ని ఎకరాలు వేశావని అడిగాను.

"గేదెలు దిగాక వేద్దామనుకుంటున్నా సార్."

సూపర్ నేపియర్ అనే మేతగడ్డి మొదటి కోతకు రెండు, రెండున్నర నెలలు పడుతుంది.