‘సహర్’ అంటే అత్యాశేనా? ఒక హీబ్రూ వ్యాపార పదంపై అపోహలు - వాస్తవాలు

వేదాంత విద్యార్థులకు హీబ్రూ నేర్పడం నా పని. బైబిలులోని సామెతల గ్రంథం మూడో అధ్యాయానికి వచ్చేసరికి, ఎక్కడో ప్రసంగంలో విన్న మాటలు ‘సహర్’ (వ్యాపారం, దాని లాభం) అనే పదాన్ని చుట్టుకుని తరగతిలోకి వచ్చేస్తాయి. వాటిలో కొన్ని ఇవి.

అపోహ: సహర్ ధాతువుకు ‘చుట్టూ తిరగడం’ అని అర్థం, కాబట్టి వర్తకుడంటే స్థిమితం లేనివాడు.

వాస్తవం: ధాతువు మాట నిజమే. 91వ కీర్తనలోని ‘డాలు’ కూడా ఈ ధాతువు నుంచే వచ్చిందని చాలామంది పండితులు భావిస్తారు. సరుకుతో ఊరూరా తిరిగేవాడు కనుక వర్తకుడు ‘సోహేర్’ అయ్యాడు. అయితే పదం పుట్టుక వేరు, వాడుక వేరు. ఆదికాండం 23లో అబ్రాహాము శారాను పాతిపెట్టడానికి మక్పేలా పొలం కొంటాడు. పొలం యజమాని ఎఫ్రోనుకు 400 షెకెళ్ల (షెకెలు ఒక తూకం) వెండి తూచి ఇస్తాడు. నాణేలు లేని కాలం అది. వెండి ముక్కలను త్రాసులో వేయాల్సిందే. ఆ వెండి ఎలాంటిదో చెప్పడానికి వాడిన మాట ‘ఓవేర్ లస్సోహేర్’, అంటే వర్తకుల దగ్గర చెల్లేది. ఊరి పెద్దల ఎదుట జరిగిన క్రయానికి వర్తకుడు ఒప్పుకునే వెండే ప్రమాణమైంది. ఇందులో స్థిమితం లేనితనం ఎక్కడుంది? ఆదికాండం 34, 42 అధ్యాయాల్లోని క్రియను మాత్రం కొందరు ‘వ్యాపారం చేయడం’ అనీ, కొందరు ‘స్వేచ్ఛగా తిరగడం’ అనీ అనువదిస్తారు. అక్కడ సందర్భం చూసి తేల్చుకోవాలి.

అపోహ: సహర్ అంటే డబ్బు.

వాస్తవం: కాదు. వ్యాపారమూ, దానిమీద వచ్చే రాబడీ రెండూ ఈ ఒక్క మాటలోనే ఉన్నాయి. సామెతలు 3:14 జ్ఞానం ఇచ్చే సహర్‌ను వెండి ఇచ్చే సహర్‌తో పోల్చి, వెంటనే ‘తెవూఆ’ అనే మాట తెస్తుంది. అది పొలం నుంచి ఇంటికి చేరే పంటకు వాడే పదం. అందువల్ల ఇక్కడ పోలిక దాచిపెట్టిన వెండితో కాదు, వెండి పెట్టుబడిగా తిరిగి తెచ్చే ఫలంతో. 31:18లో గుణవతి తన సహర్ బాగుందని గ్రహిస్తుంది. మన తెలుగు బైబిలు అక్కడ ‘వ్యాపారలాభము’ అంది. రెండు అర్థాలనూ కలిపి పట్టుకున్న ఆ మాట నాకు ఎంతో ఇష్టం. ఆమె నారబట్టలు నేయించి అమ్ముతుంది, నడికట్లను వర్తకుడికి ఇస్తుంది. ఈ వర్తకుడికి 24వ వచనంలో వాడిన పదం ‘కెనఅని’, అంటే కనానీయుడు! జాతి పేరే వృత్తి పేరైపోయింది.

అపోహ: బైబిలు లాభాన్నే పాపంగా చూస్తుంది.

వాస్తవం: అక్రమ లాభానికి హీబ్రూలో ‘బెత్సా’ అనే వేరే మాట ఉంది. నిర్గమకాండం 18లో మామ యిత్రో మోషేకు, బెత్సాను అసహ్యించుకునేవారినే అధికారులుగా నియమించమని చెబుతాడు. హోషేయ 12 తప్పుపట్టేది దొంగ త్రాసును. యెషయా 23 వర్తకానికి పేరుపడ్డ తూరు పట్టణాన్ని ఎంత కఠినంగా నిందించినా, చివరి వచనంలో ఆ పట్టణపు సహర్ యెహోవాకు ప్రతిష్ఠితమవుతుందని అంటుంది.

అపోహ: ‘సహర్’, ‘సాఖార్’ ఒకటే.

వాస్తవం: తెలుగులో రాస్తే దగ్గరగా కనిపిస్తాయి, అంతే. హీబ్రూలో మొదటిదాని అక్షరాలు సామెఖ్, హేత్, రేష్. రెండోదానికి సీన్, కాఫ్, రేష్. సాఖార్ అంటే కూలి, జీతం. తన దగ్గర పనిచేసిన యాకోబును లాబాను ఎంత కావాలో చెప్పమని అడిగింది అదే.