కౌంటీ పదవికి దారి ప్రైమరీ గుండానే: టెక్సస్ గ్రామీణ ఎన్నికల నేపథ్యం

అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో 254 కౌంటీలు, అంటే మన జిల్లాల వంటి పాలనా విభాగాలు, ఉన్నాయి. జనాభాలో అన్నిటికన్నా చిన్నదైన లవింగ్ కౌంటీలో 2020 జనగణన నాటికి ఉన్నవారు 64 మంది. అయినా అక్కడ కూడా ఒక కౌంటీ జడ్జి, నలుగురు కమిషనర్లు, శాంతిభద్రతలు చూసే ఒక షెరిఫ్, దస్తావేజులు చూసే ఒక క్లర్కు ఉండవలసిందే, వారంతా ఓట్లతో గెలిచి రావలసిందే. కౌంటీ జడ్జి పేరులో జడ్జి ఉన్నా ఆయన పని ప్రధానంగా పరిపాలన. ఆయన, నలుగురు కమిషనర్లు కలిసి కూర్చునే సభను కమిషనర్స్ కోర్టు అంటారు గానీ ఆస్తిపన్ను రేటు, బడ్జెట్, రోడ్లు, వంతెనలు, జైలు ఖర్చు తేలేది అందులోనే. పల్లె ప్రాంతంలో మట్టిరోడ్డుకు కంకర పడుతుందా లేదా అన్నది వాషింగ్టన్‌లో ఎవరున్నారన్నదాని కన్నా ఆ ప్రాంతపు కమిషనర్ ఎవరన్నదాని మీదే ఆధారపడి ఉంటుంది.

ఈ పదవులకు నవంబరులో జరిగే సాధారణ ఎన్నిక చాలా గ్రామీణ కౌంటీల్లో లాంఛనమే. ఒకే పార్టీకి తిరుగులేని బలం ఉన్న చోట ఆ పార్టీ అభ్యర్థిగా నిలిచినవారే గెలుస్తారు కనుక, అసలు పోటీ మార్చిలో జరిగే పార్టీ ప్రైమరీలోనే ముగిసిపోతుంది. మన దగ్గర పార్టీ టికెట్ ఎవరికన్నది అధిష్ఠానం తేల్చి బీ-ఫారం చేతికిస్తుంది. సర్పంచ్ ఎన్నికల్లోనైతే పార్టీ గుర్తులే ఉండవు. టెక్సస్‌లో మాత్రం టికెట్ ఎవరికివ్వాలో ప్రైమరీ అనే ఈ ముందస్తు ఎన్నికలో సామాన్య ఓటర్లే ఓటు వేసి తేలుస్తారు. వినడానికి ఇది మరింత ప్రజాస్వామికంగా ఉంటుంది, పుట్టింది కూడా ఆ ఆశతోనే. అయితే అసలు ఎన్నిక ప్రైమరీయే అయినప్పుడు అందులో ఎవరిని నిలబడనిస్తారు, ఎవరిని ఓటు వేయనిస్తారు అన్న ప్రశ్నే అధికారం ఎవరిదన్న ప్రశ్న అవుతుంది. కౌంటీ ప్రైమరీల చరిత్రలో ఎక్కువ భాగం ఈ ప్రశ్న చుట్టూ సాగిన కొట్లాటే.

ప్రైమరీ పద్ధతి పుట్టింది కూడా ఒక గ్రామీణ కౌంటీలోనే. పెన్సిల్వేనియా రాష్ట్రపు వాయవ్య మూలన, మీడ్‌విల్ పట్టణం కేంద్రంగా ఉన్న క్రాఫర్డ్ కౌంటీలో డెమొక్రాట్లు 1842లో దీన్ని తొలిసారి అమలు చేశారు. అంతకుముందు అభ్యర్థుల ఎంపిక కౌంటీ సమావేశాల్లో, ఊరూరి నుంచి వచ్చిన ప్రతినిధుల చేతుల మీదుగా జరిగేది. ఆ ప్రతినిధులను కౌంటీ కేంద్రంలోని నలుగురైదుగురు పెద్దలు లోపాయికారీగా మలుచుకుంటున్నారన్న ఫిర్యాదులు పెరగడంతో, పార్టీ ఓటర్లందరూ నేరుగా అభ్యర్థులకే ఓటు వేయాలని, ఎక్కువ ఓట్లు వచ్చినవారే అభ్యర్థి అని నియమం పెట్టుకున్నారు. అక్కడి రిపబ్లికన్లు 1860లో అదే బాట పట్టారు. ‘క్రాఫర్డ్ కౌంటీ పద్ధతి’ అన్న పేరుతో ఇది ఇతర కౌంటీలకు పాకింది. అప్పటికి దీని వెనుక ఏ చట్టమూ లేదు. పార్టీ తనకు తాను పెట్టుకున్న కట్టుబాటు మాత్రమే. ఈ ‘సొంత కట్టుబాటు’ అన్న వాదనే తర్వాత వందేళ్ల పాటు దక్షిణాది రాష్ట్రాల్లో ఎన్నో అన్యాయాలకు ముసుగైంది.

1880ల చివర ప్రభుత్వమే బ్యాలెట్ పత్రాలు ముద్రించే పద్ధతి రావడంతో పరిస్థితి మారింది. అంతవరకు పార్టీలు తమ చీటీలు తామే అచ్చువేసి ఓటర్లకు పంచేవి. ప్రభుత్వ బ్యాలెట్ మీద ఒక పార్టీ పేరుతో ఎవరి పేరు ఉండాలన్నది తేల్చడానికి చట్టం కావలసి వచ్చింది. టెక్సస్‌లో 1903, 1905 సంవత్సరాల టెరెల్ ఎన్నికల చట్టాలు ప్రైమరీలను క్రమబద్ధం చేశాయి. రెండవది పెద్ద పార్టీకి ప్రైమరీని తప్పనిసరి చేసింది. అప్పటికే, 1902లో, ఓటు వేయాలంటే పోల్ ట్యాక్స్ అనే తలపన్ను కట్టాలన్న నిబంధన రాష్ట్ర రాజ్యాంగంలో చేరింది. పేద కౌలు రైతులు, ముఖ్యంగా నల్లజాతీయులు, మెక్సికన్ సంతతివారు ఈ పన్నుతోనే చాలా వరకు జాబితాల నుంచి తప్పుకున్నారు. మిగిలినవారి సంగతి చూడడానికి ప్రైమరీ నియమాలు ఉండనే ఉన్నాయి.

ఇదంతా ఒకే చోట, ఒకే కథగా కనిపించే ప్రాంతం హ్యూస్టన్‌కు నైరుతి దిక్కున, బ్రాజోస్ నది ఒడ్డున ఉన్న ఫోర్ట్ బెండ్ కౌంటీ. పత్తి, చెరకు తోటల నేల అది. అంతర్యుద్ధం ముగిసి బానిసత్వం రద్దయ్యాక అక్కడి జనాభాలో నల్లజాతీయులదే స్పష్టమైన ఆధిక్యం. బానిసగా పుట్టిన వాల్టర్ మోసెస్ బర్టన్ 1869లో ఆ కౌంటీ షెరిఫ్‌గా, పన్ను వసూలు అధికారిగా ఎన్నికై, ఆ తర్వాత రాష్ట్ర సెనేట్ దాకా వెళ్లారు. ఇతర దక్షిణాది ప్రాంతాల్లో చాలా చోట్ల 1870ల చివరికల్లా తెల్లవారి పాలన తిరిగి నిలదొక్కుకున్నా, ఫోర్ట్ బెండ్‌లో నల్లజాతి ఓటర్లు, వారితో చేయి కలిపిన కొద్దిమంది శ్వేతజాతి అధికారుల కూటమి 1880ల చివరి దాకా కౌంటీ పదవులను నిలబెట్టుకుంది.

1888 ఎన్నికల వేళ కౌంటీలోని శ్వేతజాతీయులలో అత్యధికులు, సంపన్నులతో సహా, ‘జేబర్డ్’ (ఇదీ ఒక పిట్ట పేరే) వర్గంగా ఏకమయ్యారు. పదవుల్లో ఉన్న కూటమికి ‘వుడ్‌పెకర్’, అంటే వడ్రంగి పిట్ట, అన్న పేరు స్థిరపడింది. పిట్టల పేర్లు విని ఇదేదో వేళాకోళం అనుకోకూడదు. ఆ ఏడాది ఆగస్టులో జేబర్డ్ నాయకుడొకరు హత్యకు గురయ్యారు, ఆ తర్వాత మరొకరు గాయపడ్డారు. నల్లజాతి నాయకులు కొందరిని గడువు పెట్టి కౌంటీ నుంచి వెళ్లగొట్టారు. అంత జరిగినా ఆ నవంబరులో వుడ్‌పెకర్లే మళ్లీ గెలిచారు. ఓట్లతో తేలని వ్యవహారం 1889 ఆగస్టు 16న కౌంటీ కేంద్రమైన రిచ్‌మండ్‌లో, న్యాయస్థానం చుట్టుపక్కల వీధుల్లో, తుపాకులతో తేలింది. షెరిఫ్ సహా పలువురు చనిపోయారు. గవర్నర్ లారెన్స్ సలివన్ రాస్ స్వయంగా వచ్చారు, సైనిక దళం దిగింది, ఎన్నికైన అధికారులు పదవులు వదులుకున్నారు, జేబర్డులు ఆ కుర్చీల్లో కూర్చున్నారు. ఆ అక్టోబరులో ‘జేబర్డ్ డెమొక్రాటిక్ అసోసియేషన్’ లాంఛనంగా ఏర్పడింది.

ఈ సంఘం చేసిన పనిలోని తెలివిని గమనించాలి. కౌంటీ ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి శ్వేతజాతీయుడూ ఇందులో సభ్యుడే. వేరే రుసుము, దరఖాస్తు ఏదీ అక్కరలేదు. అప్పట్లో టెక్సస్‌లో తిరుగులేని బలమున్న డెమొక్రాటిక్ పార్టీ ప్రైమరీ జులైలో జరిగితే, సంఘం తన సొంత ప్రైమరీని మే నెలలో పెట్టుకునేది. అభ్యర్థుల నుంచి వసూలు చేసిన సొమ్ముతోనే ఖర్చు వెళ్లదీసేది. ప్రభుత్వం నుంచి రూపాయి తీసుకున్నది లేదు, ఏ చట్టం కిందా నమోదు కాలేదు. మేలో గెలిచినవారు జులైలో ఎవరికివారుగా డెమొక్రాటిక్ ప్రైమరీకి దరఖాస్తు పెట్టుకునేవారు, దాదాపు ప్రతిసారీ పోటీ లేకుండా గెలిచేవారు, నవంబరులోనూ గెలిచేవారు. నవంబరులో, 1944 తర్వాత జులైలో కూడా, నల్లజాతీయులు ఓటు వేయడానికి జాతి పేరుతో కాగితం మీద అడ్డంకి లేదు, కానీ అప్పటికి తేలవలసినదంతా తేలిపోయి ఉండేది. మన ఊళ్లలో సర్పంచ్ పదవి ఏకగ్రీవమని రచ్చబండ దగ్గర ముందే తేల్చేసి, నామినేషన్ల రోజున ఒక్క కాగితమే దాఖలు చేయించే సందర్భాలు చూసినవారికి ఈ ఏర్పాటు కొత్తగా తోచదు. తేడా ఏమిటంటే ఇక్కడ ఆ రచ్చబండ దగ్గరికి ఒక జాతివారిని రానివ్వకపోవడమే ఉద్దేశం, అది అరవై ఏళ్లకు పైగా సాగింది.

రాష్ట్రం మొత్తం మీద ఇదే పని చట్టం ద్వారా జరిగింది. డెమొక్రాటిక్ ప్రైమరీలో నల్లజాతీయులు ఓటు వేయరాదని 1923లో టెక్సస్ శాసనసభ చట్టమే చేసింది. ఎల్ పాసో వైద్యుడు లారెన్స్ నిక్సన్ దాన్ని సవాలు చేయగా 1927లో అమెరికా సుప్రీంకోర్టు కొట్టివేసింది. అధికారాన్ని పార్టీ కార్యవర్గానికి అప్పగిస్తూ శాసనసభ మరో చట్టం తెస్తే, నిక్సన్ మళ్లీ కోర్టుకెక్కారు, 1932లో మళ్లీ గెలిచారు. అప్పుడు చట్టంతో పని లేకుండా పార్టీ రాష్ట్ర మహాసభే నిషేధ తీర్మానం చేసింది. పార్టీ ఒక ప్రైవేటు సంఘం, దాని సభ్యత్వం దాని ఇష్టం అంటూ 1935లో సుప్రీంకోర్టు దానికి తలూపింది. క్రాఫర్డ్ కౌంటీ నాటి సొంత కట్టుబాటు ఇక్కడికొచ్చి చేరింది. హ్యూస్టన్ దంతవైద్యుడు లోనీ స్మిత్ తరఫున థర్‌గుడ్ మార్షల్ వాదించిన కేసులో 1944లో ఆ తీర్పు తారుమారైంది. ప్రైమరీ రాష్ట్ర ఎన్నికల యంత్రాంగంలో భాగమనీ, అందులో జాతి ఆధారంగా ఓటు నిరాకరించడం రాజ్యాంగంలోని 15వ సవరణకు విరుద్ధమనీ కోర్టు తేల్చింది.

ఫోర్ట్ బెండ్‌లో మాత్రం ఆ తీర్పుతో ఏమీ మారలేదు. తీర్పు వర్తించేది జులై ప్రైమరీకి, జేబర్డుల ఎన్నిక మేలో. అక్కడి నల్లజాతీయులు జాన్ టెర్రీ, విల్లీ మెల్టన్, రిచ్‌మండ్‌లో అంత్యక్రియల సేవల వ్యాపారం నడిపిన ఆరిజోనా ఫ్లెమింగ్ తదితరులు ఫెడరల్ కోర్టుకు వెళ్లారు. 1950 జనగణనలో సుమారు 31 వేల జనాభా ఉన్న, అందరికీ అందరూ తెలిసిన కౌంటీలో, ఉద్యోగమిచ్చే యజమాని, అప్పిచ్చే బ్యాంకు, అరెస్టు చేసే షెరిఫ్ అందరూ ఎదుటి పక్షమే అయినప్పుడు అలా పేరు పెట్టి దావా వేయడం ఎంత సాహసమో వేరే చెప్పనక్కర్లేదు. నల్లజాతీయులను ఓటింగ్‌కు దూరంగా ఉంచడం సంఘం ఉద్దేశాలలో ఒకటా అని అడిగితే సంఘం అధ్యక్షుడు సాక్షి స్థానంలో నిలబడి అవునని ఒప్పుకున్నారు. జిల్లా కోర్టు దావాదారుల వైపు తీర్పిచ్చింది, అప్పీలు కోర్టు తిరగదోడింది, 1953 మే 4న సుప్రీంకోర్టు ఎనిమిది మంది న్యాయమూర్తుల మెజారిటీతో దావాదారులను గెలిపించింది.

ఆ ఎనిమిది మందీ ఒకే కారణం చెప్పలేదన్నది కూడా ముఖ్యమే. ప్రభుత్వ ప్రమేయమే లేని ఒక సంఘపు ఎన్నికను ప్రభుత్వ చర్యగా ఎలా చూడాలన్న చిక్కు మీద వారు మూడు వేర్వేరు అభిప్రాయాలు రాశారు. జులై, నవంబరు ఎన్నికలు జేబర్డుల ఎంపిక మీద ముద్ర వేయడం తప్ప మరేమీ కావని జస్టిస్ హ్యూగో బ్లాక్ వాదం. పలుకుబడి గల ఒక వర్గం తన బలాన్ని వాడుకోవడం రాజ్యాంగ ఉల్లంఘన కాదని అసమ్మతి తెలిపిన ఏకైక న్యాయమూర్తి షెర్మన్ మింటన్ అన్నారు. నా దృష్టిలో బ్లాక్ వాదనకున్న బలం చట్టపు సూత్రంలో కన్నా వాస్తవాన్ని ఉన్నదున్నట్టు చూడడంలో ఉంది: ఎన్నిక ఎక్కడ తేలుతుందో అక్కడే ఓటు హక్కు ఉండాలి. జేబర్డ్ సంఘం 1959లో రద్దయింది.

ఓటరుకు తలుపు తెరుచుకున్నా అభ్యర్థికి మరో అడ్డంకి మిగిలింది. టెక్సస్‌లో ప్రైమరీ ఖర్చును పార్టీలు అభ్యర్థుల మీదే వేసేవి. రాష్ట్ర స్థాయి పదవికన్నా కౌంటీ పదవికి ఎక్కువ రుసుము పడే వింత ఏర్పడింది. 1970 ప్రైమరీలో రాష్ట్ర భూముల కమిషనర్ పదవికి 1,000 డాలర్లు కట్టాల్సి ఉండగా, ఎల్ పాసో కౌంటీలో ఒక ప్రాంతపు కమిషనర్‌గా నిలబడడానికి 1,424 డాలర్ల 60 సెంట్లు, టారంట్ కౌంటీ జడ్జి పదవికి 6,300 డాలర్లు అడిగారు. కట్టలేని అభ్యర్థులు వేసిన కేసులో 1972లో సుప్రీంకోర్టు ఈ పద్ధతిని కొట్టివేసింది. అప్పటి నుంచి ప్రైమరీ ఖర్చులో ప్రధాన భాగం రాష్ట్ర ఖజానా భరిస్తోంది. రుసుముకు బదులు ఓటర్ల సంతకాలు సమర్పించే వెసులుబాటు కూడా ఉంది.

ఆ తర్వాతి మార్పు పార్టీల తారుమారు. తరాల తరబడి డెమొక్రాట్ల కంచుకోటగా ఉన్న గ్రామీణ టెక్సస్ 20వ శతాబ్దం చివరికి రిపబ్లికన్ల వైపు ఒరిగింది. అధ్యక్షుడికి రిపబ్లికన్‌కే ఓటు వేస్తూ షెరిఫ్‌కు, కమిషనర్‌కు పాత డెమొక్రాట్‌నే ఎన్నుకునే అలవాటు కొన్నాళ్లు సాగింది గానీ, పదవుల్లో ఉన్నవారు ఒక్కొక్కరే కండువా మార్చుకోవడంతో కౌంటీ పదవులూ అటే మళ్లాయి. పార్టీ మారినా అమరిక మారలేదు: ఒకప్పుడు డెమొక్రాటిక్ ప్రైమరీలో తేలినదే ఇప్పుడు రిపబ్లికన్ ప్రైమరీలో తేలుతోంది. చాలా కౌంటీల్లో నవంబరులో కౌంటీ పదవులకు రెండవ పార్టీ అభ్యర్థే ఉండరు. టెక్సస్‌లో ఓటరు పార్టీ పేరుతో నమోదు చేసుకోనక్కర్లేదు కనుక, అభిమానం డెమొక్రాట్ల మీద ఉన్నా తమ షెరిఫ్‌ను ఎంచుకోవాలన్న ఉద్దేశంతో రిపబ్లికన్ బ్యాలెట్ అడిగేవారు పల్లెల్లో ఉంటారు. దాన్ని మోసం అనే పార్టీ కార్యకర్తలు ఉన్నారు. ఫోర్ట్ బెండ్ చరిత్ర తెలిసినవారు అంత తేలికగా ఆ మాట అనలేరు.

ఫోర్ట్ బెండ్ ఇప్పుడు గ్రామీణ కౌంటీ కాదు. 2020 జనగణనలో దాని జనాభా 8,22,779. అందులో ఆసియా సంతతివారు ఐదో వంతుకు పైగా ఉన్నారు. చెరకు తోటల పేరు నిలుపుకున్న షుగర్ ల్యాండ్‌లో ఎన్నో తెలుగు కుటుంబాలు స్థిరపడ్డాయి.  కేరళలో పుట్టిన కె.పి. జార్జ్ 2018లో ఆ కౌంటీకి జడ్జిగా ఎన్నికయ్యారు.

పల్లె కౌంటీల్లో నేడు పోటీ చేయదలచినవారు నవంబరు మధ్య నుంచి డిసెంబరు రెండవ సోమవారం లోపు కౌంటీ పార్టీ అధ్యక్షుడికి దరఖాస్తు ఇవ్వాలి. ప్రైమరీలో సగానికి మించి ఓట్లు రాకపోతే మొదటి ఇద్దరి మధ్య మే నెలలో రనాఫ్ జరుగుతుంది. మార్చిలోనే ఓటర్లు పలుచగా వచ్చే చోట మేలో వచ్చేవారు ఇంకా తక్కువ. ప్రైమరీలో ఓడినవారు నవంబరులో స్వతంత్రులుగా అదే పదవికి నిలబడడానికి చట్టం ఒప్పుకోదు. మొదటి నుంచీ స్వతంత్రంగా నిలబడేవారు ఓటర్ల సంతకాలు సేకరించాలి, ఆ ఏడాది ప్రైమరీలో ఓటు వేసినవారి సంతకం అందులో చెల్లదు. ఊళ్లో రాజకీయాల మీద శ్రద్ధ ఉన్న ప్రతివారూ మార్చిలోనే ఓటు వేసి ఉండే కౌంటీలో, ఆ సంతకాలు దొరకడమే కష్టం.