లోహం పక్కన నీళ్లు: నూట డెబ్భై ఏళ్ల చిక్కుముడి

మల్టీమీటర్‌ను ఓమ్స్ మీద పెట్టి, రెండు పిన్నులూ గ్లాసు నీళ్లలో ముంచి చూడండి. అంకె ఒక పట్టాన నిలవదు. మీటరు పాడైందేమో అనుకుంటాం. నిజానికి లోహాన్ని అంటుకున్న నీటిలో ఛార్జి పేరుకుంటోంది, ఆ ప్రభావమూ రీడింగులో కలుస్తోంది.

ఈ సంగతికి మొదట రూపమిచ్చింది 1853లో జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్. లోహం మీద ఒక ఛార్జి, ఎదురుగా ద్రవంలో వ్యతిరేక ఛార్జి, మధ్యలో ఒక అణువంత ఎడం. అంటే ఛార్జిని దాచుకునే కెపాసిటరే.

దాన్ని కంటికి చూపింది మాత్రం 1870లలో భౌతిక శాస్త్రవేత్త లిప్‌మన్. సన్నటి గాజు గొట్టంలో పాదరసం, దానికి తగులుతూ పల్చని ఆమ్లం. వోల్టేజి మారితే తలతన్యత మారి పాదరసం అంచు జరుగుతుంది. ఎంత సున్నితమంటే, 1887లో లండన్‌లో అగస్టస్ వాలర్ మనిషి గుండె విద్యుత్తును ఈ పరికరంతోనే నమోదు చేశారు!

తర్వాత అందరి దృష్టీ ద్రవంలోని ఛార్జి కణాలైన అయాన్ల మీదే. అవి వరసగా నిలబడవు, చెదిరి ఉంటాయని గుయ్ (1910), చాప్‌మన్ (1913) అన్నారు. కొన్ని అతుక్కుంటాయి, మిగతావి చెదురుతాయని 1924లో స్టెర్న్ రెండు వాదాలనూ కలిపారు. పాపం, నీళ్లను మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

చిక్కంతా అక్కడే ఉంది. మామూలు నీటి రోధక స్థిరాంకం (విద్యుత్ క్షేత్రాన్ని ఎన్ని రెట్లు తగ్గిస్తుందో చెప్పే అంకె) దాదాపు 80. ఎడం 0.3 నానోమీటర్లనుకుంటే ఈ కెపాసిటర్ సామర్థ్యం చదరపు సెంటీమీటరుకు సుమారు 240 మైక్రోఫారడ్లు రావాలి. పాదరసం మీద కొలిస్తే వచ్చేది 20 చుట్టుపక్కలే. 80 బదులు 6 వేస్తే లెక్క దారికొస్తుంది. 1963లో బోక్రిస్, దేవనాథన్, ముల్లర్ తమ నమూనాలో మొదటి వరస నీటికి ఆ విలువే తీసుకున్నారు. లోహం విద్యుత్ క్షేత్రంలో చిక్కిన అణువులు మామూలు నీటిలోలా స్వేచ్ఛగా తిరగలేవు మరి.

1994లో వెండి ఎలక్ట్రోడ్ మీద ఎక్స్-కిరణాలతో చూస్తే, ఛార్జి గుర్తు మారినప్పుడు అణువులు ఆక్సిజన్ కొసను అటూ ఇటూ తిప్పుతున్నట్టు తేలింది. 2018లో మాంచెస్టర్ బృందం నానోమీటరు సందులో ఇరికించిన నీటిని కొలిచింది. గోడలకు లంబ దిశలో వచ్చిన రోధక స్థిరాంకం సుమారు 2! అయితే ఆ గోడలు గ్రాఫైట్, బోరాన్ నైట్రైడ్. లోహాలకు ఆ అంకెను ఉన్నదున్నట్టు అంటగట్టడం కుదరదు.