కొలంబియా నది మీద ఇంటర్‌స్టేట్ బ్రిడ్జి: ఎత్తు దగ్గర చిక్కుకున్న వంతెన

ఒరెగాన్‌లోని పోర్ట్‌లాండ్‌కూ, వాషింగ్టన్ రాష్ట్రంలోని వాంకూవర్‌కూ (కెనడాలోది వేరు) నడుమ కొలంబియా నది పారుతుంది. ఐ-5 హైవే ఆ నదిని దాటే చోట రెండు ఉక్కు వంతెనలు పక్కపక్కనే ఉంటాయి. చూడ్డానికి కవలలే గానీ వయసులో 41 ఏళ్ల తేడా. ఉత్తరానికి వెళ్లే బండ్లు ఎక్కేది 1917 ఫిబ్రవరిలో తెరిచిన వంతెన. దక్షిణానికి వెళ్లేది 1958 నాటిది. మొదట్లో పాత వంతెన మీద ట్రామ్‌లు కూడా నడిచేవి, కారుకు ఐదు సెంట్ల టోల్ ఉండేది. ఇప్పుడు రెంటి మీదా కలిపి రోజుకు 1.3 లక్షలకు పైగా వాహనాలు పోతున్నాయి. వంతెన మార్చాలనే విషయంలో రెండు ఒడ్డుల వాళ్లూ చాలావరకు ఒప్పుకుంటారు. ఎంత ఎత్తున కట్టాలి, ఎంత వెడల్పున కట్టాలి, లైట్ రైల్ (ఊళ్లో తిరిగే తేలికపాటి కరెంటు రైలు) ఉండాలా వద్దా అన్న దగ్గరే ఇరవై ఏళ్లుగా బండి కదలడం లేదు.

అసలు భయం పైన కనబడే ఉక్కు గురించి కాదు, కింద కనబడని కర్ర గురించి. ఈ స్తంభాలు నది అడుగున వదులు ఇసుకలోకి దింపిన కర్ర పైల్స్ (పొడవాటి దుంగలు) మీద నిలబడి ఉన్నాయి. నీళ్లతో నిండిన ఇసుకను భూకంపం ఊపితే రేణువుల మధ్య పట్టు పోయి అది కాసేపు చిక్కటి ద్రవంలా ప్రవర్తిస్తుంది. అప్పుడు పైల్‌ను పక్కల నుంచి పట్టుకునేది ఏమీ ఉండదు. ఆ తీరానికి ఆవల కాస్కేడియా భూపలకల సరిహద్దులో చివరి మహా భూకంపం 1700లో వచ్చింది. పైనున్న ట్రస్సులను (ఉక్కు చట్రాలను) గట్టిపరచడం ఒక పని, పునాదిని మార్చడం ఇంకో పని. రెండోది చేయాలంటే దాదాపు కొత్త వంతెన కట్టినంత అవుతుంది.

రెండో ఇబ్బంది లిఫ్ట్ స్పాన్, అంటే రెండు స్తంభాల మధ్య పైకి లేచే భాగం. పెద్ద పడవ వచ్చినప్పుడు 278 అడుగుల పొడవున్న ఒక ముక్క మొత్తం నిట్టనిలువుగా లేస్తుంది. నీటికీ దానికీ మధ్య ఎడం 178 అడుగుల దాకా వస్తుంది. టవర్ల మీది పెద్ద కప్పీల మీదుగా ఉక్కు తాళ్లు, వాటి అవతలి కొసన కాంక్రీటు బరువులు ఉంటాయి. ఒక కప్పీ ఇరుసులో పగులు వచ్చిందని 2020 సెప్టెంబరులో ఉత్తరానికి వెళ్లే వంతెనను కొన్ని రోజులు మూసి, దాన్ని మార్చారు. పని దినాల్లో పొద్దున, సాయంత్రం రద్దీ గంటల్లో లిఫ్ట్ లేపకూడదని నిబంధన ఉంది కాబట్టి, పడవల రాకపోకలు మిగతా గంటల్లోకి ఇరుకుతాయి.

ఇక్కడ హైవే ఇంజనీర్లకన్నా పడవలు నడిపేవాళ్లకు బాగా తెలిసిన సంగతి ఒకటుంది. 1958లో రెండో వంతెన కట్టేటప్పుడు నది మధ్య ఒక స్పాన్‌ను గూనిలా పైకెత్తారు, తర్వాత పాతదాన్నీ దానికి సరిపడా మార్చారు. కింద 72 అడుగుల ఎడం ఉంటుంది కనుక చాలా బార్జ్‌లు (సరుకు మోసే చదును పడవలు) లిఫ్ట్ అడగకుండానే అక్కడి నుంచి దాటొచ్చు. కానీ దిగువన మైలు దూరంలోపే 1908 నాటి రైలు వంతెన ఉంది. దాని తిరిగే స్పాన్ వాంకూవర్ ఒడ్డుకు దగ్గరగా తెరుచుకుంటుంది, ఐ-5 లిఫ్ట్ కూడా ఆ ఒడ్డు వైపే ఉంది. గూని కింద నుంచి పోవాలంటే ఆ సందులోంచి బయటపడి, ప్రవాహానికి ఏటవాలుగా నది మధ్యకు వచ్చి, మళ్లీ తిన్నగా తిరగాలి. పొడవాటి బార్జ్‌ల వరసను నీళ్లు ఎక్కువున్న రోజుల్లో అలా పాములా మెలితిప్పడానికి వాటిని నెట్టే టగ్ పడవ కెప్టెన్ ఒప్పుకోడు, లిఫ్ట్ లేపమంటాడు. ఐ-5 మీద ట్రాఫిక్ ఆగడానికి కారణం సగం ఆ రైలు వంతెనలో ఉందన్నమాట.

2000ల మధ్యలో మొదలైన కొలంబియా రివర్ క్రాసింగ్ ప్రాజెక్టు ఈ చిక్కులన్నీ తీరుస్తానంది: కొత్త వంతెన, లైట్ రైల్, ఇంటర్‌చేంజ్‌ల (హైవే ఎక్కే, దిగే కూడళ్ల) మార్పు. సమావేశాలకు కొదవ లేదు. కొన్నిచోట్ల అవి నిజంగా పనిచేశాయి కూడా. నది మధ్యనున్న హేడెన్ ద్వీపానికి రోడ్డు దారి ఐ-5 ఒక్కటే. అక్కడి ఇంటర్‌చేంజ్ మొదటి డ్రాయింగుల్లో ద్వీపాన్ని నిలువునా కోసేసింది, ఉన్న ఒక్క సూపర్‌మార్కెట్టూ కూల్చివేత జాబితాలోకి వెళ్లింది. స్థానికులు, నగర ప్రణాళికా సిబ్బంది కలిసి కూర్చున్నాక 2010లో ర్యాంపులు (ఎక్కే, దిగే వాలు దారులు) కుదించిన నమూనా ఒకటి వచ్చింది. అదే ఏడాది వంతెన మీది లేన్లను 12 నుంచి 10కి తగ్గించామన్నారు. లేన్లు తగ్గినా వంతెన వెడల్పు తగ్గలేదని విమర్శకులు డ్రాయింగులు ముందేసి చూపించారు. ఇలాంటి పత్రాలు చదివేటప్పుడు లేన్ల లెక్క పక్కనబెట్టి, అంచు నుంచి అంచుకు అడుగులెన్నో చూడాలి. గీతలు గీసిన రోడ్డు మీద మళ్లీ గీతలు గీయడం ఒక రాత్రి పని.

అన్నీ అడిగినవాళ్లు, అడగాల్సిన ఒక్క ప్రశ్నను మాత్రం ఆలస్యంగా అడిగారు. కొత్త వంతెనకు లిఫ్ట్ వద్దనుకుని, కింద 95 అడుగుల ఎడం చాలని గీశారు. ఎగువన పెద్ద ఉక్కు నిర్మాణాలు తయారుచేసి బార్జ్‌ల మీద సముద్రానికి పంపే కర్మాగారాలున్నాయి, వాటి సరుకు అంతకన్నా ఎత్తు. అమెరికాలో నౌకలు తిరిగే నది మీద వంతెన కట్టాలంటే కోస్ట్ గార్డ్ అనుమతి తప్పనిసరి. 95 చాలదని ఆ సంస్థ చెప్పేనాటికి తుది పర్యావరణ నివేదిక కూడా అచ్చయిపోయింది (2011). ఎత్తును 116 అడుగులకు పెంచి, ఆ కర్మాగారాలకు ఎనిమిది కోట్ల డాలర్లకు పైగా పరిహారం ఒప్పుకుంటే గానీ 2013 సెప్టెంబరులో అనుమతి రాలేదు.

ఇంకొన్ని అడుగులు పెంచేస్తే పోలా అని ఎవరికైనా అనిపిస్తుంది. నాలుగు శాతం వాలుతో రోడ్డు దిగుతుందనుకుందాం. 95 నుంచి 116కు పెంచిన 21 అడుగులు దిగడానికి ఒక్కో వైపు 525 అడుగుల రోడ్డు అదనంగా కావాలి. 178 దాకా పోతే 116 మీద మరో 62 అడుగులు, అంటే 1,550 అడుగుల పొడవు. వాంకూవర్ ఒడ్డున ఎస్‌ఆర్-14 అనే రాష్ట్ర రహదారి కూడలి నీళ్లకు ఆనుకునే ఉంది, దాని వెనకే ఊరి నడిబొడ్డు. వంతెన ఎంత ఎత్తుంటే అంత లోపలికి వెళ్లి దిగుతుంది. నడిచేవాళ్లకూ సైకిళ్లకూ అదంతా ఎక్కుడు. పైన ఆకాశంలోనూ ఖాళీ లేదు. ఒడ్డునే పియర్సన్ విమానాశ్రయం ఉంది, దాని విమానాల దారికి ఎత్తైన కేబుల్ టవర్లు అడ్డం. కింద పడవలు, పైన విమానాలు, మధ్యలో మిగిలిన పొరలో వంతెన పట్టాలి.

డబ్బు దగ్గర వేరే కథ నడిచింది. వాంకూవర్ ఉన్న క్లార్క్ కౌంటీ ఓటర్లు లైట్ రైల్‌ను 1995లో ఒకసారి తిప్పికొట్టారు. దాని నిర్వహణకు అమ్మకపు పన్ను పెంచుతామంటే 2012లోనూ వద్దన్నారు. 2013లో ఒరెగాన్ తన వాటా 45 కోట్ల డాలర్లకు చట్టం చేసింది. వాషింగ్టన్ సెనేట్ మాత్రం జూన్ ఆఖరున ఓటింగ్ లేకుండానే ఇంటికి వెళ్లింది. 2014 వసంతానికి ప్రాజెక్టు మూతపడింది. అప్పటికి కాగితాల మీదే 19 కోట్ల డాలర్ల దాకా ఖర్చయింది. వంతెన కట్టకపోతే ఫెడరల్ వాటా తిరిగి కట్టాలన్న షరతు రెండు రాష్ట్రాల నెత్తిన ఉండనే ఉంది. 2019 నవంబరులో ఇద్దరు గవర్నర్లు ప్రాజెక్టును మళ్లీ మొదలుపెడదామని సంతకాలు చేయడానికి అదీ ఒక కారణం.

రెండోసారి వరస కొంత మారింది. రెండు రాష్ట్రాల శాసనసభ్యుల ఉమ్మడి కమిటీని, ప్రజల సలహా బృందాన్ని, సమానత్వ బృందాన్ని ముందే కూర్చోబెట్టారు. నదిలో తిరిగేవాళ్లను పడవ పడవకూ ఎత్తు అడిగి రాసుకున్నారు. 2022 వేసవిలో ఎనిమిది భాగస్వామ్య సంస్థలు ఒక నమూనాకు తలూపాయి: 116 అడుగుల స్థిర వంతెన, ఒక్కో వైపు ఒక అదనపు లేన్, హేడెన్ ద్వీపంలో సగం ఇంటర్‌చేంజ్, వాంకూవర్‌లోని ఎవర్‌గ్రీన్ వీధి దాకా లైట్ రైల్. అదే జూన్‌లో కోస్ట్ గార్డ్ ప్రాథమిక అభిప్రాయం వచ్చింది: ఇప్పుడున్న 178 అడుగులూ ఉండాల్సిందే. పదేళ్ల కిందటి చిక్కే మళ్లీ వచ్చింది, కాకపోతే ఈసారి నివేదిక అచ్చుకాకముందే వచ్చింది.

అందుకే 2024 సెప్టెంబరు 20న వెలువడిన అనుబంధ ముసాయిదా పర్యావరణ నివేదికలో రెండంతస్తుల స్థిర వంతెన, ఒకే అంతస్తు స్థిర వంతెనలతో పాటు లేచే స్పాన్ ఉన్న వంతెన కూడా మూడో ఎంపికగా నిలిచింది. అభిప్రాయాలకు 60 రోజులు ఇచ్చారు. ఈ దశలో “నాకు ఇష్టం”, “నాకు వద్దు” అన్నవి లెక్కకు వస్తాయి గానీ డిజైన్‌ను కదపవు. ఫలానా అధ్యాయంలో ఫలానా పట్టికలో ట్రాఫిక్ అంచనాకు ఏ ఏడాది గణాంకాలు వాడారు, ఫలానా ర్యాంపు కింద కాలిబాట వాలెంత అని రాస్తే తుది నివేదికలో దానికి విడిగా జవాబు చెప్పాల్సి ఉంటుంది. లేచే స్పాన్‌ను ఎంచుకుంటే పడవలకు ఎత్తు గొడవ తీరుతుంది. కానీ కప్పీలు, ఇరుసులు, బరువులు, రద్దీ గంటల నిషేధం, లిఫ్ట్ లేచినప్పుడు ఐ-5 మీద ఎర్రలైటు, అన్నీ కొత్త వంతెన మీదికి మారి మరో వందేళ్లు అక్కడే ఉంటాయి.