0.86 సెకన్లు ముందున్న కుర్రాడు

కిట్టూ, అమ్ములూ,

మొన్న ఫోన్లో సైకిల్ రేసు వీడియో చూస్తూ అడిగారు కదా, "గులాబీ చొక్కా వేసుకున్నవాడే ఫస్టు అన్నావు, మరి ఆ చొక్కా వేసుకునే ఓడిపోయాడేంటి తాతయ్యా" అని. ఈలోపు అమ్మ అన్నానికి పిలిచేసింది, నేను సగంలో వదిలేశా. రెండు రోజుల్నుంచి అదే బుర్రలో తిరుగుతోంది, అందుకే రాస్తున్నా. కొంచెం పొడుగే, ఒకేసారి కాకపోతే రెండు సార్లుగా చదువుకోండి.

ఆ కుర్రాడి పేరు జై హిండ్లీ. మనం జై కొడతామే, ఆ జై లాగే ఉంటుంది పేరు, కానీ వాడు ఆస్ట్రేలియా వాడు, పెర్త్ ఊరు, 1996 మే 5న పుట్టాడు. వాళ్ళ నాన్న ఇంగ్లాండులో మాంచెస్టర్ నుంచి వెళ్ళి అక్కడ స్థిరపడ్డాడు, ఆయనకీ సైకిళ్ళంటే ప్రాణం, మిడ్లాండ్ సైకిల్ క్లబ్బులో కోచ్. వీడు ఆరేళ్ళకే రేసు సైకిల్ ఎక్కాడు, అంటే అమ్ములూ, నీకంటే చిన్నప్పుడు.

పెర్త్ నుంచి యూరప్ చాలా దూరం, పెద్ద రేసులన్నీ అక్కడే జరుగుతాయి, అందుకని ఆస్ట్రేలియాలో సైకిల్ రేసర్ అవ్వాలనుకున్న ఏ పిల్లాడైనా ఎప్పుడో ఒకప్పుడు ఇల్లు వదిలి వెళ్ళాల్సిందే. హిండ్లీ ఇరవై నిండకముందే వెళ్ళాడు. ఇటలీలో అబ్రుజ్జో అని కొండల ప్రాంతం, అక్కడ ఒక చిన్న అమెచ్యూర్ టీమ్‌లో చేరాడు. పరాయి దేశం, పరాయి భాష, పొద్దున లేస్తే కొండలెక్కడం. ఆ అబ్రుజ్జో పేరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

తర్వాత ఒక్కో మెట్టూ ఎక్కుతూ వచ్చాడు, 2016లో ఇటలీలోనే కాపోదార్కో అనే రేసు గెలిచాడు, 2017లో కుర్రాళ్ళ జిరోలో మూడో స్థానం, అదే ఏడాది చైనాలో ఫుజౌ టూర్ గెలిచాడు, 2018లో సన్‌వెబ్ అనే పెద్ద టీమ్ తీసుకుంది. 2019లో పోలండ్ టూర్‌లో రెండో స్థానం వచ్చింది, ఎంత తేడాతో అనుకున్నారు, రెండే రెండు సెకన్లు! పాపం వీడికి ఈ సెకన్లతో తంటా అప్పట్నుంచే ఉంది.

ఇప్పుడు జిరో అంటే ఏంటో చెప్తా. జిరో డి ఇటాలియా, అంటే ఇటలీని చుట్టి రావడం. 1909లో మొదలుపెట్టారు. మూడు వారాల్లో 21 రోజులు రేసు, రోజూ ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి, కొన్ని రోజులు 200 కిలోమీటర్లు కూడా దాటుతుంది. రోజూ ఎవరికి ఎంత టైం పట్టిందో కూడుతూ పోతారు, మొత్తం మీద తక్కువ టైం ఉన్నవాడు మర్నాడు గులాబీ చొక్కా వేసుకుంటాడు. గులాబీ ఎందుకంటే ఆ రేసు మొదలెట్టిన పేపరు, గజెట్టా, గులాబీ రంగు కాగితం మీద అచ్చవుతుంది, అందుకని 1931 నుంచి చొక్కా కూడా అదే రంగు.

ఇంకోటి కూడా తెలియాలి. ఇది ఒక్కడి ఆట కాదు. స్పీడు పెరిగేకొద్దీ మన కాళ్ళ బలమంతా గాలిని తోసుకుపోవడానికే సరిపోతుంది. నేను కాలేజీకి కాలవ గట్టు మీద సైకిల్ తొక్కుకుంటూ వెళ్ళేవాణ్ణి, సాయంత్రం వచ్చేటప్పుడు ఎదురుగాలి, తొడలు పట్టేసేవి, మా ఫ్రెండొకడు బాగా ఒడ్డూ పొడుగూ ఉండేవాడు, వాడి వెనక చక్రానికి దగ్గరగా తొక్కితే సగం కష్టం తగ్గినట్టుండేది. రేసులోనూ అంతే. టీమ్‌లో ఒకడు లీడర్, మిగతావాళ్ళు వాడి ముందుండి గాలి మోస్తారు, కారు దగ్గరికెళ్ళి నీళ్ళ సీసాలు తెచ్చిస్తారు, వాడి టైరు పంక్చరైతే తమ చక్రం ఊడదీసి ఇచ్చేస్తారు. పేపర్లో వాళ్ళ పేరు రాదు. నాకైతే ఆ ఆటలో అన్నిటికంటే అదే ఇష్టం.

2020 జిరోకి హిండ్లీ అలా సాయం చెయ్యడానికే వెళ్ళాడు. లీడర్ విల్కో కెల్డర్మన్ అనే నెదర్లాండ్స్ ఆయన. కరోనా వల్ల మే నెలలో జరగాల్సిన రేసు అక్టోబర్లో పెట్టారు, కొండల మీద అప్పటికే చలి మొదలైపోయింది. 18వ రోజు స్టెల్వియో ఎక్కాలి, 2,750 మీటర్లు దాటిన ఎత్తు, ఒకదాని మీద ఒకటి 48 మలుపులు, పక్కన మంచు. ఇనియోస్ టీమ్‌లో రోహన్ డెనిస్ అని ఇంకో ఆస్ట్రేలియా ఆయన ముందుండి లాగుతుంటే వెనకాల ఒక్కొక్కరూ రాలిపోయారు. 15 రోజులు గులాబీ చొక్కా వేసుకున్న పోర్చుగల్ కుర్రాడు అల్మేడా వెనకబడ్డాడు, కెల్డర్మన్ కూడా వెనకబడ్డాడు. మిగిలింది డెనిస్, వాళ్ళ టీమ్ కుర్రాడు టావో గేగన్ హార్ట్, మన హిండ్లీ.

అప్పుడు ఏం చెయ్యాలి? వెనక్కి వెళ్ళి లీడర్‌ని లాక్కురావాలా, ముందున్నవాళ్ళతోనే ఉండాలా? టీమ్ ముందే ఉండమంది. కొండ మీద చలికి వేళ్ళు కొయ్యబారిపోయి జాకెట్ తొడుక్కోవడానికి వాడు పడ్డ అవస్థ చూస్తే జాలేస్తుంది, సైకిల్ మీదే, ఒక చెయ్యి దూరుతుంది, రెండోది దూరదు, గాలికి జాకెట్ ఎగిరిపోతూ ఉంటుంది. అయినా ఆ రోజు రేసు వాడే గెలిచాడు. గులాబీ చొక్కా మాత్రం కెల్డర్మన్‌కే వచ్చింది, హిండ్లీ 12 సెకన్ల వెనక, టావో 15 సెకన్ల వెనక. ఆ సాయంత్రం ఆ టీమ్ హోటల్లో అన్నం ఎలా దిగిందో నాకు ఇప్పటికీ అనిపిస్తుంది, లీడర్ ఇంకా లీడరే, కానీ అందరికంటే బలంగా ఉన్నది సాయానికి వచ్చిన కుర్రాడని అందరికీ తెలిసిపోయింది.

20వ రోజు సెస్త్రియెరె కొండ. మళ్ళీ డెనిస్ లాగాడు, మళ్ళీ కెల్డర్మన్ వెనకబడ్డాడు. హిండ్లీ ఎన్నిసార్లు ఎగిరి ముందుకెళ్ళినా టావో వదల్లేదు, చివరికి గీత దగ్గర టావోనే గెలిచాడు. గీత దగ్గర ఫస్టు వచ్చినవాడికి 10 సెకన్లు, రెండోవాడికి 6 సెకన్లు టైంలోంచి తీసేస్తారు, దారి మధ్యలో కూడా కొన్ని బోనస్ సెకన్లుంటాయి. అవన్నీ కూడి తీసేసి చూస్తే మూడు వారాల తర్వాత ఇద్దరిదీ ఒకటే టైం, 85 గంటల 22 నిమిషాల 7 సెకన్లు. జిరో పుట్టినప్పట్నుంచి ఆఖరి రోజుకి ఇద్దరు సమానంగా రావడం అదే మొదలు.

కిట్టూ, నువ్వడిగింది ఇదే, సమానమైతే చొక్కా ఎవరికిచ్చారు అని. మామూలు రోజుల్లో టైం సెకన్లలోనే లెక్కేస్తారు. కానీ టైం ట్రయల్ అని ఉంటుంది, ఒక్కొక్కరూ విడివిడిగా తొక్కాలి, ముందు ఎవరూ గాలి మొయ్యరు, అందులో మాత్రం సెకన్లో వందో వంతు దాకా కొలుస్తారు. రేసులో అంతకుముందే అలాంటివి రెండు జరిగాయి, ఆ వందో వంతులు తీసి కూడితే హిండ్లీ 0.86 సెకను ముందున్నాడు. కళ్ళు ఒకసారి మూసి తెరిచేంత సేపు. అందుకని గులాబీ చొక్కా వాడికిచ్చారు.

ఆఖరి రోజు మిలన్‌లో 15.7 కిలోమీటర్ల టైం ట్రయల్. చదును రోడ్డు. హిండ్లీ సన్నటి మనిషి, కొండలకి ఆ ఒళ్ళు బాగుంటుంది కానీ చదును మీద ఒంటరిగా తొక్కడంలో టావో మెరుగు. 39 సెకన్లు పోయాయి. ముందురోజు వచ్చిన చొక్కా, వేసుకుని తొక్కింది ఆ పదిహేను కిలోమీటర్లే. మీరు చూసిన వీడియో అదే. ఓడిపోయాడేంటి అన్నారు కదా, వాడికప్పుడు 24 ఏళ్ళు, వేరేవాళ్ళకి నీళ్ళు మొయ్యడానికి వెళ్ళి, కొద్దిలో ఇటలీ మొత్తం గెలిచేసేవాడు. నేను దాన్ని ఓడిపోవడం అనలేను రా.

తర్వాత ఏడాది గురించి ఎవరూ పెద్దగా చెప్పరు, నాకు మాత్రం అదే ముఖ్యం అనిపిస్తుంది. 2021 జిరోకి వెళ్ళాడు, ఈసారి టీమ్ ఆశలు వీడి మీద కూడా ఉన్నాయి. సీటు ఒరుసుకుని పుండు పడింది. నవ్వకండి, రోజుకి ఐదారు గంటలు సీటు మీద కూర్చునేవాడికి అంతకంటే నరకం లేదు, 14వ రోజు పొద్దున రేసు వదిలేశాడు. ఆ ఏడాదంతా ఏదీ కలిసి రాలేదు. దానికి తోడు కరోనాకి ఆస్ట్రేలియా తలుపులు మూసేసింది, 2020 మొదట్లో ఇంటి నుంచి వచ్చినవాడు మళ్ళీ అమ్మానాన్నల్ని చూడలేదు. మీ బాబాయి దుబాయ్‌లో ఇరుక్కుపోయినప్పుడు నానమ్మ రోజూ ఏడ్చేది, మీకు గుర్తుండదు. నాకు హిండ్లీ అంటే అంత అభిమానం రావడానికి అదీ ఒక కారణం అనుకుంటా.

2022లో బోరా అనే జర్మనీ టీమ్‌కి మారాడు. అక్కడ ఎవరున్నారో చెప్పుకోండి. కెల్డర్మన్! ఆ కెల్డర్మనే. ఇద్దరూ మళ్ళీ కలిసి జిరోకి వచ్చారు. 9వ రోజు రేసు బ్లాక్‌హౌస్ అనే కొండ మీదికి, ఆ కొండ ఉన్నది అబ్రుజ్జోలో, నేను గుర్తుపెట్టుకోమన్నానే, ఇల్లు వదిలి వచ్చిన పిల్లాడు ప్రాక్టీస్ చేసిన ప్రాంతం. ఆ రోజు గెలిచింది హిండ్లీ. కెల్డర్మన్‌కి అదే రోజు బాగా టైం పోయింది, ఇంక తను గెలవడన్న సంగతి తెలిసి మిగతా రేసంతా హిండ్లీకి గాలి మోశాడు. రెండేళ్ళ క్రితం ఎవరు ఎవరికి మోశారో గుర్తుంది కదా. టూరిన్ దగ్గర చిన్న చిన్న కొండల మీద బోరా వాళ్ళంతా కలిసి ఎలా తొక్కారంటే, అది మాత్రం తప్పకుండా చూడండి, సెలవుల్లో వచ్చినప్పుడు నేనే చూపిస్తా.

ఆ రేసులోనే విలేకర్లతో ఒక మాటన్నాడు, నేనిక్కడికి జెర్రులకి సాక్సులు తొడగడానికి రాలేదు అని. అంటే పనికిమాలిన పనికి రాలేదు, గెలవడానికే వచ్చా అని. అమ్ములూ, జెర్రికి ఎన్ని సాక్సులు కావాలో నువ్వు లెక్కెయ్యి.

20వ రోజుకి చొక్కా ఈక్వడార్ ఆయన కరపాజ్ దగ్గరుంది, హిండ్లీ మూడే సెకన్ల వెనక. మళ్ళీ సెకన్లే. ఆఖరి ఎక్కుడు మార్మొలాడా. ముందున్న గుంపులో బోరా కుర్రాడు లెనార్డ్ కెమ్నా ఉన్నాడు, వాడు తన రేసు వదిలేసి హిండ్లీ కోసం ఆగాడు, కొంచెం దూరం తన బలమంతా పెట్టి లాగాడు, ఇంకో మూడు కిలోమీటర్లుందనగా కరపాజ్ కాళ్ళు ఆగిపోయాయి. హిండ్లీ వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయాడు. గీత దగ్గరికొచ్చేసరికి ఆ రోజు తేడా 1 నిమిషం 28 సెకన్లు, పొద్దున వెనకున్న ఆ మూడు సెకన్లు పోను మొత్తం మీద 1 నిమిషం 25 సెకన్లు ముందు.

మర్నాడు వెరోనాలో మళ్ళీ టైం ట్రయల్, మళ్ళీ గులాబీ చొక్కా, మళ్ళీ ఒంటరిగా, 17.4 కిలోమీటర్లు. నేను కూర్చోలేక టీవీ ముందు నిలబడే చూశా. ఈసారి పోయింది 7 సెకన్లే. మొత్తం మీద 1 నిమిషం 18 సెకన్ల తేడాతో జిరో గెలిచిన మొదటి ఆస్ట్రేలియా వాడయ్యాడు, అమ్మానాన్నలు వెరోనాకే వచ్చారు.

జిరో ట్రోఫీ ఫోటో దీంతో పాటు పంపుతున్నా. బంగారు రంగు రేకు చుట్టలు చుట్టుకుంటూ పైకి వెళ్తుంది, దాని మీద ఇప్పటిదాకా గెలిచినవాళ్ళందరి పేర్లూ చెక్కి ఉంటాయి. 2020 దగ్గర టావో పేరుంటుంది, 2022 దగ్గర హిండ్లీది. మధ్యలో ఒక్క పేరే, ఎగాన్ బెర్నాల్.

నానమ్మ మీకు సున్నుండలు పంపిస్తోంది.

మీ తాతయ్య