బూజు పట్టింది పొలంలోనా, గోదాములోనా?

వేరుశనగ లాట్ ఒకటి ఆఫ్లటాక్సిన్ (బూజు తయారుచేసే విషం) పరీక్షలో తప్పిందంటే చాలు, పాత తగవు మళ్ళీ లేస్తుంది. తెచ్చినప్పుడే బూజు ఉందని గోదామువాళ్ళు, గలగలలాడే కాయ ఇచ్చామని రైతులు. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్ళు చనిపోవడం, దాణాలో కలిపిన వేరుశనగ చెక్కలో ఈ విషం బయటపడడం చాలామందికి తెలిసిన కథే. కానీ తగవుకు మూలం అక్కడ లేదు.

1950ల్లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో క్లైడ్ క్రిస్టెన్సెన్ గింజల మీది బూజులను పొలం బూజులు, నిల్వ బూజులు అని విడదీశారు. ఆఫ్లటాక్సిన్ తయారుచేసే బూజులున్న ఆస్పర్జిల్లస్ జాతులు రెండో జట్టులో పడ్డాయి. ఆ లెక్కన తప్పు గోదాముదే.

1980ల్లో ఆ లెక్క తిరగబడింది. అమెరికాలో జార్జియా రాష్ట్రం డాసన్‌లోని జాతీయ వేరుశనగ పరిశోధనశాలలో నేల వేడిని, తడిని అదుపులో పెట్టి పంట పెంచి చూశారు. చివరి నాలుగైదు వారాలు తడి అందక, కాయ చుట్టూ నేల 26 నుంచి 31 డిగ్రీల వేడిలో ఉంటే, తవ్వకముందే ఆస్పర్జిల్లస్ ఫ్లావస్ గింజలోకి దూరి విషం తయారుచేస్తోంది. గింజలో తేమ ఉన్నంతకాలం అది బూజును అడ్డుకునే రసాయనాలు తయారు చేసుకుంటుంది. ఎండేకొద్దీ ఆ శక్తి పోతుంది.

నా దృష్టిలో అసలు మలుపు ఇదే. అప్పటినుంచి నిల్వ చేసేవారికి ఒక సిద్ధమైన జవాబు దొరికింది: పొలంలోనే పట్టింది. పరిశోధన చెప్పింది మాత్రం అంతవరకే కాదు.

రైతుల మాట ఇది: వాన రాకపోవడం మా చేతిలో లేదు, ఆరబెట్టడం మా చేతిలో ఉంది, ఆ పని చేశాం. కొన్ని గింజల్లో ఉన్నది బస్తా అంతా పాకాలంటే మళ్ళీ తేమ తగలాలి కదా? ఈ ప్రశ్నకు శాస్త్రం బలముంది. నూనె నీటిని పట్టుకోదు. అందుకే తృణధాన్యానికి ఫర్వాలేని 12, 13 శాతం తేమ వేరుశనగ గింజకు ప్రమాదం. అది 7, 8 శాతం దాటకూడదు. పైకప్పు కారినా, రాత్రి చలికి రేకు కింద చెమ్మ పట్టినా, పురుగు చేరినా ఆ చోట బూజు లేస్తుంది. అదే గింజ విత్తనంగా వెళ్తే మొలక కుళ్ళి, నష్టం రెండోసారీ రైతుకే.

పరీక్షతోనూ చిక్కుంది. ఒక్క గింజలో 10 లక్షల పీపీబీకి (పీపీబీ అంటే వంద కోట్ల భాగాల్లో ఒకటి) మించి విషం ఉండొచ్చు, పక్క గింజలో ఏమీ లేకపోవచ్చు. నేరుగా తినే వేరుశనగలో ఐరోపా సమాఖ్య 1998లో పెట్టిన హద్దు 4 పీపీబీ. ఒకే లాట్ నుంచి తీసిన రెండు శాంపిళ్ళు రెండు తీర్పులు చెప్పడం మామూలే.

పైకి బాగా కనిపించే గింజ లోపలి బూజును తూకం దగ్గర ఎవరూ పట్టలేరన్న గోదాము వాదన నిజమే. కానీ సరుకు లోపలికి వచ్చిన రోజు తేమ ఎంత, బయటికి వెళ్ళిన రోజు ఎంత అని రాసి, ఒక కాపీ రైతు చేతికి ఇవ్వడానికి పరిశోధనశాల అక్కర్లేదు. తేమ మీటరు చాలు.