దూబగుంటలో సారా కొట్టు మూతపడక ముందు

నెల్లూరు జిల్లాలో బెల్టు షాపు తీసేయాలని ఆడవాళ్లు రోడ్డెక్కితే చాలు, సారా వ్యతిరేక ఉద్యమంలో ముందు నిలిచిన దూబగుంట రోసమ్మ పేరు వినబడుతుంది. వినబడాల్సిందే. కానీ ఆ ఉద్యమాన్ని ఒక్క ఊళ్లో, ఒక్కపూటలో పుట్టుకొచ్చిన తెగువగా చెప్పుకుంటే దాని అసలు బలం మనకు అర్థం కాదు.

1980ల్లో వారుణి వాహిని పేరుతో ప్రభుత్వమే సారాను ప్యాకెట్లలో పోయించి అమ్మించింది. అంతకుముందు తాగాలనుకున్నవాడు కొట్టుదాకా నడిచిపోవాలి. ప్యాకెట్టు వచ్చాక సారానే గడప దగ్గరికి వచ్చింది. సారా పాటల మీద, అంటే కొట్ల వేలం మీద, ఖజానాకు ఏటా వందల కోట్లు వచ్చిపడేవి. ఆ కోట్లన్నీ కూలి చేసుకునే ఇళ్లలో పొయ్యి మీదికి చేరాల్సిన డబ్బే.

1991లో జిల్లాలో పెద్దవాళ్లకు చదువు నేర్పే అక్షరదీపం కార్యక్రమం మొదలైంది. పగలంతా కూలికి పోయొచ్చిన ఆడవాళ్లు రాత్రి పూట పలక పట్టుకుని కూర్చున్నారు. అధికారులు తలపెట్టింది అక్షరాలు నేర్పడమే. అయితే వాచకంలో సీతమ్మ కథ ఉంది, తాగుబోతు మొగుడి వల్ల చితికిపోయిన సంసారం కథ. కూడబలుక్కుంటూ చదివేకొద్దీ అందులో ఎవరి ఇల్లు వాళ్లకు కనబడింది. ఇన్నాళ్లూ తన తలరాత అనుకున్నది పక్కనామె తలరాత కూడా అని తెలిసింది. నా దృష్టిలో అసలు మార్పు అక్కడే జరిగింది. చీపుర్లు, కారప్పొడి చేతికి రావడం ఆ తర్వాతి సంగతి.

కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్లు కలిసికట్టుగా కొట్టు మూయించారు. ఆ సంగతే 'ఆడవాళ్లు ఏకమైతే' అనే పాఠమై తర్వాతి వాచకంలోకి ఎక్కింది. జరిగింది పాఠమైంది, పాఠం చదివిన ఊళ్లలో మళ్లీ అదే జరిగింది. 1992లో నెల్లూరులో సారా పాటలు జరగనివ్వకుండా వేలమంది అడ్డం కూర్చున్నారు. పాటలు పదేపదే వాయిదా పడ్డాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధించారు. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది, 1997లో దాన్ని సడలించారు.

నిషేధం పోయింది కాబట్టి ఉద్యమమూ ఓడిపోయిందనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. చట్టాన్ని ఒక్క సంతకంతో తీసేయొచ్చు, పదిమందీ ఒకచోట చేరి ఇంటి కష్టాన్ని ఊరి సంగతిగా మాట్లాడుకునే అలవాటును తీసేయడం అంత తేలిక కాదు. సారా ఆగిన ఇళ్లలో మిగిలిన డబ్బుతోనే 1993లో జిల్లాలో 'పొదుపు లక్ష్మి' మొదలైంది. మనిషికి రోజుకో రూపాయి. రాత్రి బడిలో పక్కపక్కన కూర్చున్నవాళ్లే పొదుపు గుంపులు కట్టారు. ఆ తర్వాత రాష్ట్రమంతా డ్వాక్రా సంఘాలు అల్లుకుపోవడానికి నెల్లూరు పొదుపే దారి వేసింది. ఓనమాలు దిద్దిన చేత్తోనే ఆ ఆడవాళ్లు బ్యాంకు కాగితాల మీద సంతకాలు పెట్టారు.